పర్మిట్ల ఆర్విల్

ఆర్విల్ నార్డీన్ లెక్కలో ఈ లోకంలో రెండే రకాల మనుషులున్నారు: పర్మిట్ ఉన్నవాళ్ళు, పర్మిట్ రాయించుకోబోయేవాళ్ళు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని కూపర్స్ బెండ్ సరస్సు ఒడ్డునున్న జిల్లా పార్కుకి ఆయన ఇరవై ఆరేళ్ళుగా వార్డెను. అక్కడ పడవకో ఫీజు, గుడారానికో ఫీజు, వేటకో ఫీజు. అన్నిటికీ కలిపి నూట పద్నాలుగు పేజీల నిబంధనల పుస్తకం. రాసినవాళ్ళే మళ్ళీ తెరిచి చూడని ఆ పుస్తకం ఆర్విల్‌కి కంఠతా వచ్చు.

గేటు కిటికీలో కూర్చుని పర్మిట్లు రాసే మార్లిస్ ఆయనతో పద్దెనిమిదేళ్ళుగా వేగుతోంది. ఒకసారి ఎవరిదో పడవ బోల్తాపడితే ఆర్విల్ నడుం లోతు నీళ్ళలోకి దిగి ఆ మనిషి కాలరు పట్టుకున్నాడు.

"పడవ పర్మిట్ ఏదీ?"

"మునిగిపోతున్నానయ్యా బాబూ!"

"మునగడానికి ఫీజు లేదు. పడవకే ఉంది," అంటూనే ఒడ్డుకి లాగాడు.

ఇంకోసారి బాతుల వేటకొచ్చినవాడు రెల్లు పొదలో తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తే, భుజం తట్టి లేపాడు. "వేట పర్మిట్ చూశాను, బాగుంది. మరి నిద్రపోతున్నావుగా, క్యాంపింగ్ పర్మిట్ ఏదీ?"

తన సెలవు రోజున చేపలు పట్టాలనిపిస్తే ఆర్విల్ కిటికీ బయట వరసలో నిలబడేవాడు. ఆ పూట మార్లిస్ కూడా సెలవైతే తనే లోపలికెళ్ళి పర్మిట్ రాసి, బయటికొచ్చి తీసుకుని, ఖాళీ కుర్చీకి థాంక్స్ చెప్పేవాడు.

అలాంటి పార్కులోకి ఓ అక్టోబరులో బెర్నీస్ కుబియాక్ వచ్చింది. అరవై నాలుగేళ్ళ మనిషి. కాగితం మిల్లు మూతపడి ఉద్యోగం పోయింది, దాని వెనకే ఇల్లూ పోయింది. ఒక గుడారం, ఒక ముసలి కుక్క, పన్నెండో నంబరు జాగా. పద్నాలుగు రోజులకి మించి ఎవరూ ఉండకూడదని రూలు. మళ్ళీ రావాలంటే మధ్యలో ఒక రాత్రయినా పార్కు వదిలి వెళ్ళాలి. ఆమెకేమో వెళ్ళడానికి చోటే లేదు.

"ఆవిడకి ఇవాళ్టికి పదమూడు రోజులు," గేటు గదిలో గుర్తు చేశాడు ఆర్విల్.

మార్లిస్‌కి ఒళ్ళు మండింది. "చలికాలం వస్తోంది. ఆవిణ్ణి ఎక్కడికి పొమ్మంటావు? అసలు నీకు గుండె అనేది ఉందా?"

"ఉంది. దానికి పర్మిట్ అక్కర్లేదని నలభయ్యో పేజీ," అని మళ్ళీ పుస్తకంలో తల దూర్చాడు. మూడు రోజులుగా మధ్యాహ్నం భోజనం కూడా మానేసి అదే చదువుతున్నాడు.

పదహారో రోజున పై ఆఫీసు నుంచి వెట్జెల్ దొరగారు గేటు దగ్గర దిగారు. జింకల వేట మొదలవబోతోంది, డబ్బున్న వేటగాళ్ళ కంటికి ఆ చిరుగుల గుడారం కనపడకూడదని ఆయన బెంగ.

"ఆవిడ గడువు దాటిపోయిందిగా! ఇంకా ఇక్కడే ఉందేం?"

"మొన్న రాత్రి వెళ్ళిపోయింది సార్. నిన్న తిరిగొచ్చింది."

"ఎక్కడికెళ్ళింది?"

"రేవులో కట్టేసిన నా పడవలోకి. నేనే రాసిన రాత్రి లంగరు పర్మిట్ ఇదిగో."

"అదీ పార్కేగా!"

"కాదు సార్. గట్టు దాకే మనది. నీళ్ళు రాష్ట్రానివి, వాటి మీద పర్మిట్లు రాసే పని మాత్రమే మనది. అరవయ్యెనిమిదో పేజీ. అరవై దాటినవాళ్ళకి ఫీజు మాఫీ, డెబ్బై మూడో పేజీ."

కంఠతా వచ్చిన పుస్తకాన్ని మళ్ళీ ఎందుకు చదివాడో మార్లిస్‌కి అప్పుడు తెలిసింది. దగ్గు వచ్చినట్టు నటిస్తూ కిటికీ కిందకి వంగింది.

వెట్జెల్ పళ్ళు నూరాడు. "సరస్సు గడ్డకట్టాక ఏం చేస్తావో చూస్తాను."

"మంచు మీద చేపలు పట్టేవాళ్ళు వేసుకునే గుడిసెకి పర్మిట్ వేరే ఉంది సార్. పొయ్యి కూడా పెట్టుకోవచ్చు. ఎనభయ్యో పేజీ."

"ఆ దిక్కుమాలిన పుస్తకంలో ఇంకా ఏమేం ఉన్నాయి?"

ఆర్విల్ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు జేబులోంచి బెర్నీస్ పేరుతో నింపి ఉంచిన ఫారం తీశాడు. "తొంభై ఒకటో పేజీ. క్యాంపు కాపలాదారు. చెక్క గది ఉచితం, జీతం కొద్దిగా. తొమ్మిదేళ్ళుగా ఖాళీ. సంతకం ఇక్కడ."

ఎనభయ్యో పేజీ దగ్గరే ఓపిక అయిపోయిన వెట్జెల్ గీకి పారేసి కారెక్కాడు.

వసంతంలో మంచు కరిగి, బళ్ళ వెనక కట్టి లాక్కొచ్చే పడవల వరస మొదలైంది. గేటు దగ్గర కొత్త టోపీలో బెర్నీస్ చెయ్యి అడ్డం పెట్టింది. ఎదురుగా ఆర్విల్ ట్రక్కు.

"మీ బండి పర్మిట్ స్టిక్కరు గడువు నిన్నటితో అయిపోయింది, మిస్టర్ నార్డీన్."

"నేను వార్డెన్నమ్మా!"

"వార్డెనుకి మినహాయింపు ఏ పేజీలో ఉందండీ?"

ఆర్విల్ కళ్ళు మూసుకుని నూట పద్నాలుగు పేజీలూ తిరగేశాడు. లేదు. మార్లిస్ కిటికీలోంచి తొంగి చూస్తోంది. ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. ట్రక్కు వెనక్కి తిప్పి, మూడు పడవల వెనకాల వరసలో నిలబెట్టి, తన వంతు కోసం ఈల వేసుకుంటూ కూర్చున్నాడు.