గేటు బయట లెక్కల పాఠం

మీ పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలు బడి ముందు టెంటు వేసుకుని కూర్చున్నదని తెలిసినప్పుడు, మీకు మొదట తోచేది ఆమె ఎందుకు కూర్చున్నదన్న ప్రశ్నా, ఎప్పుడు లేస్తుందన్న ప్రశ్నా?

తొందరపడి జవాబు చెప్పకండి. మొన్న జహీరాబాదులో మా అమ్మాయిని బడి నుంచి తీసుకొస్తుంటే, దారిలో అలాంటి టెంటు ఒకటి కనబడింది. బ్యానరు కొత్తది, కోరిక పాతదే: కాంట్రాక్టు ఉపాధ్యాయుల ఒప్పందాన్ని ఏటా తెంచకుండా కొనసాగించాలి. నా పక్కనే బండి ఆపిన ఒక పెద్దమనిషి ఫోనులో ఫోటో తీసుకుని, "పాపం మేడమ్‌లు" అని జాలిపడి, అంతటితో తన వంతు అయిపోయినట్టు వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం మొన్న పుట్టింది కాదు. నేను డిగ్రీ చదువుతూ, కాలేజీ వాదన పోటీల్లో గెలిచినంత తేలికగా లోకాన్నీ ఒప్పించగలనని నమ్మిన రోజుల్లో పుట్టింది.

అప్పట్లో మా చిన్నమ్మ ఊరి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టలు బడిలో లెక్కలు చెప్పేది. ఏప్రిల్‌లో బడి మూసిన రోజునే ఆమె ఉద్యోగమూ ముగిసేది. జూన్‌లో ఉత్తర్వు వస్తే మళ్ళీ మేడమ్, రాకపోతే ఎవరూ కాదు. వేసవి అంతా ఆమె పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళడం మానుకునేది, ఎందుకంటే ఎదురుపడిన ప్రతివారూ ఆర్డరొచ్చిందా అని ఆరా తీసేవారు. ఏటేటా అలా గడిపి విసిగిన ఉపాధ్యాయినులందరూ, ఒక ఏడు పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతుండగా, ఇక బడిలో అడుగుపెట్టేది లేదని ప్రతిజ్ఞ చేసి, గేటు బయట టెంటు వేశారు.

ఆ బడికొక నియమం ఉండేది: తల్లో తండ్రో వస్తే తప్ప పిల్లలు గేటు దాటకూడదు. అంటే లోపలి వారు బయటికి రాలేరు, బయటి వారు లోపలికి పోరు. కొద్దిరోజులు గడిచాయో లేదో, పదో తరగతి పిల్లలు పుస్తకాలు పట్టుకుని వచ్చి గేటు ఊచలకు అతుక్కుని నిలబడ్డారు. మా చిన్నమ్మ ముందు చూడనట్టే కూర్చుంది. తరువాత ఒక పిల్ల అడిగిన సందేహానికి కూర్చున్న చోటు నుంచే జవాబు చెప్పింది. మరునాటికి టెంటు గుంజకు నల్లబల్ల కట్టింది. పిల్లలు లోపల నేల మీద వరుసగా కూర్చుంటే, ఆమె బయట నిలబడి త్రికోణమితి చెప్పేది. వెనక వరుసకు కనబడాలని అక్షరాలు పెద్దవిగా రాసేది, రోడ్డు మీద చెరుకు లారీ పోతుంటే మాట ఆపేది, దుమ్ము అణగగానే మళ్ళీ అందుకునేది. గేటు దాటలేదు గనుక ప్రతిజ్ఞ తప్పలేదనీ, పాఠం ఆగలేదు గనుక పిల్లలకు అన్యాయం జరగలేదనీ వాళ్ళ లెక్క. ఉపాధ్యాయులు తప్ప మరెవరైనా ఇలాంటి సమ్మె చేస్తారా చెప్పండి!

ఒకరోజు అటుగా పోతున్న ఆటో అతను వేగం తగ్గించి తొంగిచూశాడు.

"ఏం మేడమ్, ఇది ధర్నానా, ట్యూషనా?"

మైకు పట్టుకుని నినాదాలిచ్చే తెలుగు మేడమ్ ఊరుకునే మనిషి కాదు. "రెండూనే అన్నా. జర హారన్ కొట్టకుండ పో, పిల్లలు లెక్క చేస్తున్నరు."

ఊరు ఊరంతా ఈ వింతను చూసి మురిసిపోయింది. న్యాల్‌కల్ వైపు నుంచి ఒక పిల్ల తండ్రి జొన్నరొట్టెలు మూటగట్టి తెచ్చేవాడు. ఫికర్ చెయ్యకున్రి మేడమ్, మేమున్నం అని చాప మీద కూర్చునేవాడు. ఆయన మాటలో కల్మషం లేదు. అయినా ఆ అభిమానమే మా కొంప ముంచుతుందని నాకు అప్పుడు తట్టలేదు.

వాదనలన్నీ సిద్ధం చేసుకుని, ఆ తండ్రినీ మరికొందరినీ వెంటబెట్టుకుని నేను ఈ ఉత్తర్వులు ఇచ్చే విద్యాశాఖ అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చిరునవ్వుతో అన్నాడు: "పాఠాలు నడుస్తున్నయ్ గదా. పిల్లలకేం నష్టం అయితలేదు. అసొంటి మంచి మేడమ్‌లు ఎవరికి దొరుకుతరు? మరి మీకు తొందరేంది?"

నా పక్కనున్న తండ్రి అవునన్నట్టు తల ఊపాడు. చదువు ఆగితే ఉపాధ్యాయులకు బాధ్యత లేదంటారు, ఆగకపోతే వాళ్ళకు బాధే లేదంటారు. ఈ రెండింటి మధ్య ఒక ఉపాధ్యాయిని ఏ దారిన అడగాలి?

టెంటుకు తిరిగివచ్చి, ఆ నల్లబల్ల దించేయమని చిన్నమ్మతో గట్టిగా వాదించాను. ఆమె చేతికంటిన సుద్దపొడి కొంగుకు తుడుచుకుంటూ విని, గేటు దగ్గరున్న న్యాల్‌కల్ తండ్రి కూతుర్ని చూపించింది.

"డిబేట్‌ల నువ్వే గెలుస్తవ్ బిడ్డా, కాదంటలేను. గా పిల్ల ఫేలైతే వాళ్ళ నాయన అల్లం తవ్వనీకి తోల్కపోతడు. మళ్ళ బడి మొహం చూడదు. అప్పుడు నా ఆర్డర్ వచ్చి ఏం జేసుకోను?"

"మరి ఆర్డర్ రాకపోతే?"

"గది నువ్వు నన్నెందుకు అడుగుతున్నవ్? అడగాల్సినోళ్ళను అడుగు."

పరీక్షలకు ముందు అధికారి వచ్చి, అందరినీ కొనసాగిస్తామని నోటిమాట ఇచ్చాడు. ఊరు చప్పట్లు కొట్టింది, టెంటు విప్పారు. పిల్లలు బాగా పాసయ్యారు; న్యాల్‌కల్ పిల్ల కూడా. జూన్‌లో ఉత్తర్వులు వచ్చాయి, ఇద్దరికి తప్ప: మైకు పట్టుకున్న తెలుగు మేడమ్‌కూ, బల్ల కట్టిన మా చిన్నమ్మకూ. కారణం ఎవరూ చెప్పలేదు. రొట్టెలు మోసుకొచ్చిన ఊరి నుంచి ఒక్క మనిషైనా వెళ్ళి, మాట ఇచ్చి ఎందుకు తప్పారని అధికారిని నిలదీయలేదు. కొత్త లెక్కల మేడమ్ వచ్చింది, పాఠాలు నడిచాయి, ఇక తొందర ఎవరికి? చిన్నమ్మ చిరాగ్‌పల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో చేరి, అక్కడే ముసలిదైపోతోంది.

ఆ రోజుల్లో కనీసం చాప మీద కూర్చునేవారుండేవారని, ఇప్పుడు బండి దిగేవారే కరువయ్యారని ఒక్కోసారి దిగులు పడతాను. మరుక్షణమే నా మీద నాకే చిరాకు వేస్తుంది. చాప మీద కూర్చున్నవారు మాత్రం ఏం సాధించారు? ఉపాధ్యాయుల మంచితనాన్ని పొగడడంలో మన తరం ఎన్నడూ లోటు చేయలేదు. ఆ మంచితనాన్ని అడ్డం పెట్టుకుని వాళ్ళ బతుకును ఏటా వాయిదా వేసేవారిని మాత్రం ఒక్కనాడూ ప్రశ్నించలేదు. ఆనాడు మన తల్లిదండ్రులు ఆ పని చేయలేదు. ఈనాడు తల్లిదండ్రులం మనమే.

కనుక నా వయసు మిత్రులారా, ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి పిలిచినప్పుడు తప్పకుండా వెళ్ళండి. మీ పిల్లల మార్కులు అడగడానికి ముందు లేచి నిలబడి, వాళ్ళకు పాఠం చెప్పేవారు వచ్చే ఏడాది కూడా ఉంటారా, ఉంటారని కాగితం మీద ఎవరు రాసిస్తారని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.