ఒకే పడుగులో రెండు చీరలు

మొన్న బట్టల కొట్టులో అమ్మాయి చీరాల నేత చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. కొత్త నూలూ గంజీ కలిసిన ఆ వాసనకి నేను వచ్చిన పని మరిచిపోయి, మళ్ళీ చిన్నపిల్లనై, వేసవి సెలవుల్లో మా నాయనమ్మ నాగరత్నం చెయ్యి పట్టుకుని తెనాలి స్టేషన్లో బాపట్ల పాసింజరు కోసం నిలబడ్డాను.

ఏటా ఎండాకాలంలో భావనారాయణస్వామిని చూసి రావడం నాయనమ్మ అలవాటు. ముందురోజే చేగోడీలు వండి డబ్బాకెత్తేది. తెల్లారకుండానే నా తలకి నూనె రాసి, కళ్ళు సాగేంత బిగించి జడ వేసేది. రైల్లో ముంజలమ్మే ఆవిడ నుంచి ఎదురుసీటు ముసలాయన దాకా అందరూ నాయనమ్మకి వదినలూ అన్నయ్యలే. నిడుబ్రోలు దాటేలోపు మా చేగోడీల డబ్బా సగం ఖాళీ అయి, ఎవరివో మామిడితాండ్ర ముక్కలతో మళ్ళీ నిండేది.

ఆ ఏడు నాయనమ్మ కొత్త చీర కట్టింది. నేరేడుపండు రంగు మీద పసుపు గళ్ళు. పేరాలలో మగ్గం నేసే తన తమ్ముడు స్వయంగా నేసి పంపినది. దారంతా ఆ కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది.

బాపట్లలో దిగేసరికి ఎండ మాడుస్తోంది. గుడి లోపల మాత్రం రాతినేల చల్లగా అరికాళ్ళకి తగిలి ప్రాణం లేచివచ్చింది. దర్శనం అయ్యాక ప్రదక్షిణకి బయటికి తీసుకొచ్చి, మూలలు లేకుండా గుండ్రంగా తిరిగిన గర్భగుడి వెనకవైపు చూపించి, "ఏనుగు పడుకున్నట్టుంటుంది, చూడవే. అది దాని వీపు" అంది నాయనమ్మ. వీపుంటే తోక కూడా ఉండాలి కదా! నేను చెయ్యి విడిపించుకుని, తోక కోసం గోడ వెంట వంగి వెతుక్కుంటూ పోయాను. తోక దొరకలేదు. ఎదురుగా నేరేడుపండు రంగు కొంగు కనబడితే గట్టిగా పట్టుకుని నడిచాను. మండపం దాకా వచ్చాక తలెత్తి చూస్తే, అది నాయనమ్మ ముఖం కాదు.

ముక్కు నాయనమ్మదే. నల్లరాయి ముక్కుపుడక కూడా అలాంటిదే. మనిషి మాత్రం వేరు.

"ఎవరమ్మాయివే నువ్వు?" అంది ఆవిడ.

"తెనాలి నాగరత్నం మనవరాల్నండి," అన్నాను, ఏడుపు దిగమింగుతూ.

ఆవిడ చాలాసేపు నన్నే చూసింది. తర్వాత మెట్టుమీద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "ఏడవకు. మీ నాయనమ్మే వెతుక్కుంటూ వస్తుందిలే," అంది. తను మాత్రం లేవలేదు. నా చెయ్యీ వదల్లేదు.

ఆవిడే మా నాయనమ్మ చెల్లెలు సామ్రాజ్యం అని అప్పటికి నాకు తెలియదు. రేపల్లెలో ఉండేది. నేను పుట్టకముందు ఏదో పెళ్ళిలో ఆవిడ కలిపిన పులిహోరలో ఉప్పు లేదని నాయనమ్మ నలుగురిలో అన్నదట. ఆవిడ విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయిందట. అప్పటినుంచీ మాటల్లేవు. ఇంట్లో ఎప్పుడైనా ప్రస్తావన వస్తే నాయనమ్మ "ఆ రేపల్లె మనిషి" అనేది.

కాసేపటికి నాయనమ్మ వచ్చింది. ముడి ఊడిపోయి, ముఖమంతా చెమటతో, నా పేరు పెట్టి అరుస్తూ వచ్చింది. నన్ను చూసింది, నన్ను పట్టుకున్న మనిషిని చూసింది. అక్కడే ఆగిపోయింది.

"నా మనవరాలు నీ దగ్గరేంటే?"

"నేనేం పిలవలేదక్కా. అదే నా కొంగు పట్టుకుని వచ్చింది."

అప్పుడు నాయనమ్మ చూపు చెల్లెలి చీర మీద పడింది. "ఈ చీర నీకెక్కడిది?"

"తమ్ముడు నేశాడు. ఈ గళ్ళు నీ ఒక్కదానికే చిన్నక్కా, ఎవరికీ చెప్పకు అన్నాడు."

"నాతోనూ అదే ముక్క అన్నాడే, వెధవ!"

ఇద్దరూ ఒకరి చీర ఒకరు చూసుకున్నారు. ముందు చిన్న నాయనమ్మ నవ్వింది. నవ్వకూడదని నాయనమ్మ పెదవి బిగించింది గానీ బుగ్గలు ఆగలేదు. మెట్టుమీద కూలబడి, పమిట నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ తర్వాత ఆ నీళ్ళు నవ్వువి మాత్రమే కాకుండా పోయాయి. చిన్న నాయనమ్మ అక్క ముడి సరిచేసి పిన్ను పెట్టింది.

తినే వేళకి చిన్న నాయనమ్మ సంచిలోంచి తీసిన పొట్లంలో, ఇంకేముంటుంది, పులిహోరే. నాయనమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. చిన్న నాయనమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఉప్పు సరిపోయింది," అంది నాయనమ్మ. మరో ముద్ద తిని, "పోపులో ఇంగువే కాస్త..." అనబోయి, చెల్లెలి ముఖం చూసి, "బ్రహ్మాండంగా ఉంది" అని ముగించింది.

మేం తిరిగి వెళ్ళాల్సిన పాసింజరు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇద్దరికీ పట్టలేదు. తమ్ముడి సంగతి తేల్చాలని పేరాల బయల్దేరారు. చీరాల బస్సులో కిటికీ పక్కన నేను, నా పక్కన ఒకే రంగులో ఇద్దరు. చిన్నప్పుడు పడుగు కోసం నూలు ఆసులు పోసిన కబుర్లు, కండెలకి దారం చుట్టలేక పారిపోయిన కబుర్లు, ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ చెప్పుకున్నారు. మగ్గం గుంటలో కూర్చుని ఉన్న ఆ తమ్ముడు, నాకు తాతయ్య, గుమ్మంలో ఇద్దరక్కల్నీ ఒకేసారి చూసి, మగ్గం ఆపి, తల వంచుకున్నాడు.

"ఒక పడుగు వేస్తే ఒక్క చీరే రాదు కదక్కా, నేనేం చేసేది?" అన్నాడు మెల్లగా.

వాళ్ళు తిట్టిన తిట్లకి వీధి వీధంతా వచ్చి నవ్వింది. ఆ రాత్రి అందరం అరుగు మీద పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని తిన్నాం. ఆ తర్వాత ఏ వేసవిలోనూ నాయనమ్మ ఒక్కతే బాపట్ల వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ అక్కచెల్లెళ్ళు లేరు. తాతయ్య కూర్చున్న గుంట పూడ్చి పైన టైల్స్ వేశారు. ఈ వేసవిలో బాపట్ల కారులో వెళ్ళాను. ఏసీకి అద్దాలు మూసి ఉండటంతో దారిలో ఎవరితోనూ ఒక్క మాట లేదు. దర్శనం కూడా ఇట్టే అయిపోయింది. డ్రైవరు సంతోషించాడు. నాకు మాత్రం వెంటనే కదలబుద్ధి కాలేదు. నీడలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే ఆ పక్కన నిలబడ్డాను. ఆవిడ జరిగి చోటిచ్చి, "కూర్చోమ్మా, ఏ ఊరు మీది?" అంది.

డ్రైవరుకి కాసేపు ఆగమని సైగ చేసి కూర్చున్నాను.