కొమురవ్వ ఎడమ కన్ను

కోమటిచెరువు కింద నాట్లు వేసే కొమురవ్వకు ఎడమ కన్ను ఆగకుండా కారేది. ముక్కు పక్కన చిన్న ఉబ్బు ఉండేది. దాన్ని వేలితో నొక్కితే కంటి మూలలోంచి చీము వచ్చేది.

1940ల నాటి సిద్దిపేటలో వైద్యం చెప్పని నోరు లేదు. భూపతి అనే నాటు వైద్యుడు ఆ కంట్లో ఏవేవో పసర్లు పిండి, అది మండి ఎర్రబడితే “మందు పట్టింది” అని మీసం దువ్వుకునేవాడు. దొరగారి కోటలాంటి గడిలోనైతే మందు కూడా అక్కర్లేదు, తీర్పు చాలు. విత్తనాలు చల్లే పొద్దున ఆమె ఎదురైతే దొరసాని మొహం తిప్పుకునేది.

“ఏడ్పుగొట్టుది! ఎనుకనుంచి పొమ్మను దాన్ని.”

ఆ దొర పొలంలో నాటు పెట్టడానికి మాత్రం ఏడ్పుగొట్టుదాని చేతులు పనికొచ్చేవి.

ఒక వానాకాలం ఆ ఉబ్బు పుండై చెంపంతా వాచింది. తాటిచెట్లు గీసే ఆమె భర్త బాలనర్సయ్య, వాడకట్టులో ఉండే కిరస్తానీ ఇశ్రాయేలు మాట విని, బండి కట్టి దూరాన ఉన్న మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు.

“కన్నీళ్లు ముక్కులోకి దిగే తోవ మూసుకుపోయింది. వాపు తగ్గినంక ముక్కు ఎముకకు చిన్న రంధ్రం చేసి కొత్త తోవ తీస్తం” అంది డాక్టరమ్మ.

“కన్ను పోతదా అమ్మా?”

“కన్ను జోలికే పోం.”

వాపు తగ్గాక తిమ్మిరి సూది వేశారు. నొప్పి తెలియలేదు గానీ ఉలి దెబ్బలు తల లోపల మోగుతుంటే, కొమురవ్వ నర్సు చెయ్యి వదల్లేదు. కుట్లు విప్పాక, కొత్త తోవ తెరుచుకుందో లేదో చూడటానికి డాక్టరమ్మ కంటి మూలలోంచి ఉప్పునీళ్లు ఎక్కించింది.

“అమ్మా, గొంతుల ఉప్పగ తగుల్తుంది!” అని కొమురవ్వ లేచి కూర్చుంది.

ఊరికి వచ్చేసరికి, తన పసరే ఆలస్యంగా పనిచేసిందని భూపతి చెప్పుకు తిరుగుతున్నాడు. సిగ్గులేనితనానికి ఏ పసరూ లేదు.

కొన్నాళ్లకు ముసలి దొర పోయాడు. ఏడవడానికి ఇంటికొక ఆడమనిషి రావాలని గడి నుంచి హుకుం వచ్చింది. కొమురవ్వ తప్పకుండా ఉండాలట. అపశకునపు కన్ను ఇప్పుడు గడికి అక్కరకొచ్చింది. ఆమె వెళ్లి శవం పక్కన నిలబడింది. ఒక్క చుక్క రాలలేదు.

“ఏమే, గింతంత ఇశ్వాసం లేదా నీకు?” అని కసిరింది దొరసాని.

“అది రోగం దొర్సానీ. దవాఖాన్ల కోపిచ్చుకున్న, బాగైంది.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. వాళ్ల భుజాలు అదురుతుంటే అది దుఃఖమే అనుకుంది దొరసాని. ఇక కొమురవ్వను గడిలో కూలి లేని వెట్టిపనికి గడప తొక్కనివ్వవద్దని శిక్ష వేసింది.

కొమురవ్వ ఆ శిక్షకు ఎదురు చెప్పలేదు.