గోడ అవతలి ఫోల్డరు

ధర్మేందర్‌కు చిన్నప్పటి నుంచి ఒక రోగముంది. ఏ వస్తువు కనబడినా విప్పి చూడందే మనసు ఊరుకోదు. రేడియోతో మొదలుపెట్టి, మిక్సీ, టేబుల్ ఫ్యాను మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చాడు. నేర్పిన గురువంటూ లేడు. విప్పడం, బిగించడం, మిగిలిపోయిన స్క్రూలు డబ్బాలో వేసుకోవడం, అదే అతని చదువు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ఇల్లు. ముందు గదే ఫోటో స్టూడియో. కూతురు పుట్టిన ఏడాది పెట్టాడు కాబట్టి బోర్డు మీద పేరు ‘పూజిత డిజిటల్స్’.

సిటీలో కంపెనీలు కొత్త కంప్యూటర్లు కొని పాతవి వదిలించుకుంటున్న రోజులవి. అలాంటి పాతవి రెండు తెచ్చుకున్నాడు. ముందు గదిలోది భార్య సునంద దగ్గర ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటోల్లో మొహాల మీది మచ్చలు తుడిచి ప్రింట్లు తీయడం ఆమె పని. రెండోది వెనక గదిలో. తీసిన ఫోటోలన్నీ దాంట్లోనే. గోడకు బెజ్జం కొట్టి రెండింటికీ మధ్య వైరు లాగాడు. “ఇక్కడ నొక్కితే అక్కడిది తెరుచుకుంటది” అని వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవాడు. లేచి నాలుగడుగులు వేస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకో చుట్టాలకు అర్థమయ్యేది కాదు. అప్పుడప్పుడు ఆ కనెక్షను అలిగేది. లైటు వెలుగుతోందా చూసి, వైరు ఊడబీకి మళ్ళీ పెట్టి, రెండింటినీ ఆపి లేపి, టీ చల్లారేలోపు దాని అలక తీర్చేవాడు.

పూజితకు నాలుగేళ్ళప్పుడు, వానాకాలంలో జ్వరమొచ్చింది. సిటీలో దవాఖానకు తీసుకుపోయారు. పిల్ల దక్కలేదు.

ధర్మేందర్ తల్లి అనంతమ్మది ఒక నమ్మకం. “పోయిన పసిదాని బొమ్మ ఇంట్ల ఉండొద్దు బిడ్డా. మళ్ళ పుట్టాల్సింది జడుసుకుంటది” అని గోడల మీదివీ ఆల్బమ్‌లవీ, చివరికి కొడుకు పర్సులోదీ మూటగట్టి పెద్దచెరువులో వదిలి వచ్చింది. ముసలామె చెడ్డదేమీ కాదు. మూట కట్టేటప్పుడు ఒక్కో ఫోటోను చెంగుతో తుడిచి పెట్టడం కోడలు చూసింది. అందుకే అడ్డుపడలేకపోయింది. ఆ తర్వాత సునంద సరిగ్గా తినడం మానేసింది, మాట్లాడటమూ మానేసింది. ఇంటికి బోర్డు ఒక్కటే మిగిలింది. అనంతమ్మకు చదువు రాదు, దాని మీదున్నది మనవరాలి పేరేనని ఎవరూ చెప్పలేదు.

“ఫోటోలు పోలే సునందా” అన్నాడు ధర్మేందర్ ఒకరోజు, తల్లి ఇంట్లో లేనప్పుడు. “వెనక దాంట్ల అన్నీ ఉన్నయ్. నీ దాంట్ల సుత ఏస్త.”

గోడ అవతలి ఫోల్డరును ఆమె కంప్యూటర్ మీదికి లాగి వదిలాడు. రెప్పపాటులో వచ్చేసింది. అంత పెద్దది అంత తొందరగా ఎట్లా వచ్చిందని అనుమానం రావాల్సిన మనిషే. రాలేదు. ఫోల్డరు బొమ్మకు మూలన చిన్న బాణం గుర్తొకటి ఉంది. అదేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవరినీ అడగలేదు. లోకంలో ఉన్నదంతా విప్పి చూసే మహానుభావుడు దాన్ని మాత్రం విప్పలేదు.

రోజూ మధ్యాహ్నం అనంతమ్మ నడుం వాల్చగానే సునంద ఆ ఫోల్డరు తెరిచేది. ఫోటోల మధ్య చిన్న వీడియో ఒకటి. పూజిత ఉరికొచ్చి కెమెరాకు అరచెయ్యి అడ్డం పెడుతుంది. “బాపూ, ఇగ చాలు! నిన్ను నేను తీస్త!” అంటుంది. తెరంతా ఎర్రటి చీకటి అవుతుంది. సునంద అక్కడ ఆపి చాలాసేపు చూసేది. మెల్లగా నాలుగు ముద్దలు తినసాగింది. గిరాకీలతో మాట్లాడసాగింది.

ఇంతలో రింగు రోడ్డు వస్తోందని చుట్టుపక్కల చేలన్నిటిలో హద్దురాళ్లు లేచాయి. ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ల వాళ్ళు బ్రోచర్ల కోసం ధర్మేందర్ గుమ్మం ముందు కాచుకున్నారు. ఆ పెద్ద బొమ్మలు మొయ్యలేక వెనక కంప్యూటర్ ఆయాసపడింది. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలనుకున్నాడు. ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ శ్రద్ధగా సీడీల్లోకి ఎక్కించాడు. కూతురివి ముందు కంప్యూటర్లో ఉన్నాయి కదా! అయినా మనసాగక అక్కడ కూర్చుని తెరిచి చూశాడు. అన్నీ వచ్చాయి, వీడియో కూడా ఆడింది. పక్కింటి బియ్యపు బస్తాను కిటికీలోంచి చూసి మనింట్లో బియ్యానికి కొదవలేదని ధీమాపడ్డట్టయింది. వెనక గదిలోకి పోయి మొత్తం తుడిచేశాడు. ఆ రాత్రే వెంచర్ల కొత్త బొమ్మలు దాంట్లో నింపాడు.

మర్నాడు మధ్యాహ్నం సునంద కేకేసింది. “ఏందయ్యా, పూజితది వస్తలేదు. వైరు ఊడిందేమో జర చూడు.”

చూశాడు. లైటు వెలుగుతోంది. వైరు మార్చాడు. రెండు యంత్రాలకూ కనెక్షను కోసం పెట్టిన గుంపు పేరు ఒకటేనా కాదా చూశాడు, ఒకటే. ఇటునుంచి పిలిస్తే అది పలుకుతోంది, అటునుంచి పిలిస్తే ఇది పలుకుతోంది. ఫోల్డరు మాత్రం దొరకలేదంటోంది. అప్పుడు అతని కళ్ళు ఆ చిన్న బాణం మీద పడ్డాయి. లోపల ఏముందో చూశాడు. ఒక్క ఫోటో లేదు. ఫలానా కంప్యూటర్లో ఫలానా చోట వెతుక్కో అనే చిరునామా ఒక్కటే ఉంది. కూతురిని రెండోసారి పోగొట్టుకున్నాడు, ఈసారి జ్వరాన్ని తిట్టుకునే వీలు కూడా లేదు.

“ఏమైంది?” సునంద టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది.

“వైరు ఖరాబైంది” అన్నాడు. “ఫికర్ చెయ్యకు, కొత్తది తెస్త.”

తుడిచేసిన డిస్కును సంచిలో వేసుకుని సిటీకి పరిగెత్తాడు. పోయినవి తిరిగి తీసే షాపు వాళ్ళు ఏవేవో తీశారు. పచ్చ గీతల ప్లాట్లు, ప్లాట్ల ముందు కమాను, కమాను ముందు లేని పూలమొక్కలు. పిల్ల ఉన్నచోటనే అవన్నీ వచ్చి కూర్చున్నాయట. బస్సులో తిరిగొస్తూ మొహానికి తువ్వాలు కప్పుకున్నాడు.

సునందకు చెప్పే ధైర్యం రాలేదు. వైరు తర్వాత దాన్ని తగిలించే కార్డు పాడైందన్నాడు. కార్డు తర్వాత ఇంకోటేదో అన్నాడు. రోజూ మధ్యాహ్నం తల్లి పడుకోగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేవాడు. సునంద పక్కన స్టూలు వేసుకుని చూసేది. ఎండలు ముదిరాయి, మళ్ళీ వానలు పడ్డాయి, రిపేరు కాలేదు. నవ్వుతూ బతికిన మనిషి పనికిరాని స్క్రూలు తిప్పుతూ ఎండిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఇక చాతకాలేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. “సునందా, వైరు గాదు. నేనే...”

“నాకు ఎర్కే” అంది సునంద.

“ఎప్పటి సంది?”

“మొదటి దినమే. వైరు ఖరాబైతే నువ్వు వైరును తిట్టేటోనివి. ఆ దినం నా దిక్కు సూడలే.”

అతను రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. సునంద ఓదార్చలేదు. ఆమె దగ్గర ఓదార్పు మిగిలి లేదు. కాసేపటికి కింద పెట్టిన స్క్రూడ్రైవర్ తీసి అతని చేతిలో పెట్టింది.

“రేపు సుత కూసో” అంది. “నువ్వు బాగు చేస్తున్నంతసేపు అది ఇంక లోపట ఉన్నట్టే ఉంటది నాకు.”

ధర్మేందర్ కళ్ళు తుడుచుకుని వైరు ఊడబీకి మళ్ళీ పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. వెనక గదిలో అనంతమ్మ మేలుకుని దగ్గింది.

“ఏందే, ఆ డబ్బా ఇంక బాగు కాలేదా?”

“లేదత్తమ్మా” అంది సునంద. “ఇంక చూస్తున్నడు.”