వనభోజనాల్లో దాలమ్మ గరిట

మా దాలమ్మ పిన్ని నూనె కాగిందో లేదో చప్పుడు విని చెబుతుంది. ఎంత ఉప్పు వేయాలో ఆవిడ పిడికిలికే తెలుసు. ఎదురుగా వస్తున్నది మనిషో ఆవో మాత్రం దగ్గరికొస్తే గాని చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకోవే పిన్నీ అంటే, "ఏటి, నన్ను ముసిల్దాన్ననుకోరూ!" అంటుంది. డెబ్బై దాటాయి, ఇంకేమనుకోవాలట!

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పెళ్లికూతురుగా ఈ రాయపూర్ రైల్వే కాలనీకి వచ్చింది. పెనిమిటి వ్యాగన్ల షాపులో ఫిట్టరు. ఆయన పోయాక ఇంట్లో వంట కోడలు మాలతి చేతికి వెళ్లిపోయింది. పిన్నికి మిగిలింది కార్తీకమాసంలో ఒక్క రోజు. ఇక్కడి తెలుగువాళ్లమంతా కలిసి వెళ్లే వనభోజనాలకి వంట ఆవిడదే. ఆ రోజు మగవాళ్లని వరసగా కూర్చోబెట్టి కూరలు తరిగిస్తుంది. "అవేటి, గుమ్మడికాయ ముక్కలా ఇటకలా?" అని తిడుతుంది. అందరూ నవ్వుతూ పడతారు.

అలాంటిది, ఆ ఏడాది బస్సెక్కుతుంటే మా సంఘం అధ్యక్షుడు మోహనకృష్ణ అడ్డం వచ్చాడు. నయా రాయపూర్‌లో ఆఫీసరు లెండి, ఏది చెప్పినా ఆర్డరు పాస్ చేసినట్టే చెబుతాడు.

"పిన్నీ, ఈసారి ఏ చిన్న తేడా వచ్చినా వచ్చే ఏడు నుంచి కేటరింగే. పోయినసారి దప్పళంలో బెల్లం అనుకుని చింతపండు రెండుసార్లు వేశారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ దప్పళమే కదండీ మీరు డబ్బాలో ఇంటికి పట్టుకెళ్లారు!" అన్నాను. ఆయన వినబడనట్టు ముందు సీట్లో కూర్చున్నాడు. పిన్ని మాత్రం ఆరంగ్ చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. "భావనా, ఇదీ పోతే ఇంక నానెందుకే?" అంది.

ఆరంగ్ దాటాక మహానది వైపు ప్రేమ్‌చంద్ తోట ఉంది. మా కాలనీకి కూరగాయలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆయన. ఉసిరి చెట్టు ఉందని అక్కడికి వెళ్లాం. చెట్టుకి పసుపు, కుంకుమ పెట్టి, పక్కనే పొయ్యిలు వెలిగించాం. మా దగ్గర ఒక పట్టింపు ఉంది. ఉసిరి చెట్టుకి నైవేద్యం పెట్టేదాకా వంట ఎవరూ రుచి చూడకూడదు, వండినావిడ అయినా సరే.

పాయసం దించే వేళకి కిస్‌మిస్ పొట్లం లేదు. ఎవరి పిల్లలో బస్సులోనే బొక్కేశారు. నేనేమో దూరంగా బోరింగు దగ్గర అరిటాకులు కడుగుతున్నాను. పిన్ని తనే లేచి వెళ్లి, ప్రేమ్‌చంద్ ఇంటి వసారాలో చేటలో ఎండబెట్టినవి రెండు దోసిళ్లు ఎత్తుకొచ్చి, నేతిలో వేయించి కలిపేసింది. పాపం, ఎంత కలిగినోళ్లో, చేటడు కిస్‌మిస్ బయటే పెట్టుకున్నారని మెచ్చుకుంది కూడా.

నైవేద్యమైంది, పంక్తి సాగింది. పాయసానికి జనం ఎగబడ్డారు. కార్తీకమంతా ఒంటిపూట భోజనంతో ఉండే సూర్యారావు తాతగారు గిన్నె నాకేశారు. మోహనకృష్ణ మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు.

"తేడా ఏటీ లేదు కదా బాబూ?" పిన్ని ఆశగా అడిగింది.

"చూద్దాం," అన్నాడు నోటి నిండా పాయసంతో.

అప్పుడే ప్రేమ్‌చంద్ వాళ్లమ్మ ఖాళీ చేట పట్టుకుని వచ్చింది. "మోర్ మహువా లా కోన్ లేగే?" అని అడిగింది. నా మహువా ఎవరు పట్టుకెళ్లారు అని. మహువా అంటే ఇప్పపువ్వు, సారా కాచేది దాంతోనే. పాయసంలో పడ్డవి అవేనన్న మాట పంక్తి చివరిదాకా పాకిపోయింది.

ఓరి నాయనో, ఏం చెప్పమంటారు! సూర్యారావు తాతగారు "శివశివా" అంటూ ఉసిరి చెట్టుని వాటేసుకుని, చెట్టు తిరుగుతోందన్నారు. బస్సు డ్రైవరు కిరణ్ తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "దీదీ, నేను బండి తోలలేను, బహుత్ చఢ్ గయీ" అన్నాడు. ఎక్కేసిందట!

మోహనకృష్ణ లేవబోయి, రెండడుగులు వేసి, పిన్ని కాళ్ల దగ్గర కూలబడ్డాడు. బావురుమన్నాడు.

"పిన్నీ, నీ వంటకి వంక పెట్టేవాడి నోరు పడిపోను! ఆ కేటరింగు నా బావమరిది గిరిధర్‌ది. మా ఆవిడ పోరు పడలేక అన్నాను. మా అమ్మ పోయాక కడుపు నిండా తినేది ఏడాదికి ఈ ఒక్కపూటే!"

వాళ్లావిడ ప్రియదర్శిని అక్కడే ఉంది. ఆకు ముందు నుంచి లేచింది.

ప్రేమ్‌చంద్ వాళ్లమ్మకి మా తెలుగు అర్థం కాలేదు గాని, మా వేషాలు చూసి పడీపడీ నవ్వింది. వేసవిలో ఏరి దాచిన ఎండు పువ్వుకి మత్తేమిటి, మురగబెట్టి కాస్తే కదా సారా, మేం పిల్లలకి వేయించి పెడతాం అంది. నేను అందరికీ వినబడేలా గట్టిగా తెలుగులో చెప్పాను, మోహనకృష్ణ వైపు చూస్తూ మరీ చెప్పాను.

తాతగారు చెట్టుని వదిలేశారు. కిరణ్ వచ్చి తాళం చెవి అడిగాడు. మోహనకృష్ణ మాత్రం లేవలేదు.

"మత్తు లేదంట బాబూ," అంది పిన్ని మెల్లగా. "అయితే నువ్వన్నదంతా నిజమేనా?"

ఆయన భార్య వంక చూశాడు, మా వంక చూశాడు, తల వంచుకున్నాడు. "నిజమే పిన్నీ."

పిన్ని కళ్లు తుడుచుకుంది. "నాకు సూపు ఆనదన్నదీ నిజమే. వచ్చే ఏడు నా పక్కన పీటేసుకుని కూకో. ఏది గిన్నెలో ఏసినా ముందు నువ్వు సూసి సెప్పాల."

"చూస్తాను పిన్నీ."

"సూడ్డం వరకే. నైవేద్యం కాకుండా రుసి సూసేవంటే మాత్రం, ఆఫీసరువని ఊరుకోను, గరిట ఇరిగిపోద్ది."