మేఘానికి వెనకవైపు

ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్. చెక్కతో చేసిన విమానం ముక్కు, దాని ముందు గోడంత ఎల్‌ఈడీ తెర, ఆ తెర మీద నేను కంప్యూటర్లో చేసిన మేఘాలు. హీరో కూర్చుని స్టీరింగ్ తిప్పితే మేఘాలు అప్పటికప్పుడు పక్కకి జరగాలి. జరుగుతున్నాయి, కాకపోతే ట్రాఫిక్‌లో ఆటోలా ఆగి ఆగి.

"విమానానికి నత్తి ఏంటండీ?" అన్నారు దర్శకుడు. "లంచ్ అయ్యేలోగా సరిచేయండి. లేదంటే తెరకి పచ్చగుడ్డ కట్టి షాట్ తీసేస్తాం. మేఘాలు తర్వాత ఎవరిచేతనైనా పెట్టించుకుంటాం."

ఆ 'ఎవరిచేతనైనా' చురుక్కున తగిలింది. ఆరు నెలలుగా ఆ మేఘాలతోనే కాపురం చేస్తున్నాను. పైగా పనిలో చేరేటప్పుడు "విమానం ఎక్కారా?" అని ఆయన అడిగితే, "బోలెడుసార్లు" అని కోతలు కోశాను. ఎయిర్‌పోర్టు గేటు దాటిన మొహం కాదు నాది.

తిండి మానేసి తల పట్టుకు కూర్చున్నాను. ఆ విమానం ముక్కు చేసిన కార్పెంటర్, బోరబండ ఆయన, టీ గ్లాసుతో వచ్చాడు. "ఏమైంది మేడమ్?"

విసుగ్గానే చెప్పాను. తెర మీది ప్రతి చుక్క నుంచీ ఒక చూపు మేఘంలోకి దూరి, ఎక్కడ ఎంత దట్టంగా ఉందో అడుగడుక్కీ కొలుస్తూ అవతలి కొసదాకా పోతుంది. అంత పని కంప్యూటర్ మోయలేకపోతోంది.

"అవతలిదాంక ఎందుకు? ముంగట్నే తెల్లగ మూస్కపోయినంక ఎనక ఎవరు చూస్తరు? మేం బంగ్లా సెట్ ఏస్తే ముంగటి గోడే గదా. ఎనక ఉత్త కట్టెలే."

నెత్తి కొట్టుకున్నాను. మూసుకుపోయిన చోట చూపుని ఆగిపొమ్మని చెప్పడమే మర్చిపోయాను! బుద్ధున్నవాళ్ళు ప్రోగ్రాంలో మొదటిరోజే రాసే పంక్తి అది. రాశాను. మేఘాలు వెన్నలా జారాయి.

నాకు ఒళ్ళు తెలియలేదు. "ఎక్కన్నా!" అని ఆయన్ని హీరో సీట్లో కూర్చోబెట్టి, పక్క సీట్లోకి నేనూ దూకి, స్టీరింగ్ గిర్రున తిప్పాను. తెరంతా ఒక పక్కకి వాలిపోయింది. తను మేకులు కొట్టిన చెక్కనే ఆయన రెండు చేతులా వాటేసుకున్నాడు. కూర్చున్నది నేలకి రెండడుగుల ఎత్తులో.

"ఆపుండ్రి మేడమ్! కండ్లు తిరుగుతున్నయ్, నేను దిగుత!"

ఇంకోసారి తిప్పాను. ఇద్దరం నవ్వుతూ అరుస్తున్నాం.

"అసలు విమానంల గూడ గిట్లనే ఉంటదా మేడమ్?"

"నాకేం తెలుసన్నా, నేనెక్కడం ఇదే మొదలు!"

వెనక ఎవరో దగ్గారు. దర్శకుడు. ఎంతసేపటినుంచి నిలబడ్డారో. తెర వంక చూశారు, ఇంకా కళ్ళు మూసుకునే ఉన్న కార్పెంటర్ వంక చూశారు, తర్వాత నా వంక. గబుక్కున స్టీరింగ్ వదిలేశాను.

"ఆ మాట సినిమా రిలీజయ్యేదాకా ఎవరితోనూ అనకమ్మా," అన్నారు. "హీరోని పిలవండి. టేక్."