పార్కుకు తరలిన కనకాంబరాలు

మా టీచరమ్మ నిద్రలోనే వెళ్లిపోయారన్న కబురు పొద్దున్నే త్రోబాల్ ఆడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను బూట్లు వేసుకుంటూ చదివాను. ఒక లేసు కట్టి ఉంది, రెండోది కట్టలేదు. అలాగే మెట్లు దిగి ఆవిడ ఇంటికి పరుగెత్తాను. వీధిలోకి వచ్చేసరికి మిగతావాళ్లూ ఆటకు తయారైన బట్టల్లోనే వస్తున్నారు.

ఆవిడ ప్రభుత్వ బడిలో డ్రిల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. వైట్‌ఫీల్డ్ దగ్గర మా లేఔట్‌లో మొదట లేచిన ఇళ్లలో ఆవిడది ఒకటి. తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉంటున్న తెలుగువారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అనంతపురం నుంచి వచ్చి, ఆ ఇంటికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లో దిగాను. చాలాకాలం లిఫ్టులో ఎదురయ్యే మొహాలు తప్ప ఎవరి పేరూ నాకు తెలియదు.

ఒక ఆదివారం కూరగాయల బండి దగ్గర టీచరమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి అడిగారు.

"ఏమమ్మా, ఇంత ఎత్తుండావు, ఏ ఆటా ఆడలేదా?"

"ఆఫీసుతోనే సరిపోతుందండీ."

"ఆఫీసు అందరికీ ఉండాది. రేపు పొద్దున పార్కుకు రా. చెప్పులు కాదు, బూట్లు ఏసుకొని రా."

అది అప్పటికి పేరుకే పార్కు. లేఔట్ వేసినప్పుడు వదిలిన జాగాలో కూల్చిన ఇళ్ల ఇటుకలు, టైల్స్ ముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. నీళ్ల ట్యాంకర్లు ఆపుకునేవారు. ఆవిడ ఒక పక్క శుభ్రం చేయించి, రెండు గుంజలు పాతి నెట్ కట్టారు. మొదటిరోజు బంతి నా వైపు వస్తే మొహం తిప్పేసుకున్నాను.

"దాన్ని చూసి ఎందుకమ్మా భయం? అదేమన్నా మీ మేనేజరా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఊళ్లో నలుగురితో కలిసి నవ్వడం నాకదే మొదలు.

ఆట అయ్యాక స్టీలు క్యానులోంచి మజ్జిగ పోసేవారు. అపార్ట్‌మెంట్ వాళ్లు ఒక జట్టు, సొంత ఇళ్లవాళ్లు ఒక జట్టు అంటే ఒప్పుకునేవారు కాదు. మూల మీద ఇస్త్రీ చేసే ఆవిడతో సహా రోజూ అందరినీ కలిపేవారు. ఎవరైనా రాకపోతే పక్కింటివాళ్లను పట్టుకునేవారు. "ఆమె రాలేదే, తలుపు తట్టి కనుక్కున్నావా? గోడ ఒకటే కదమ్మా మీ ఇద్దరికీ!"

కొన్నాళ్లకు ఆ జాగాను కార్ల పార్కింగుకు ఇవ్వాలని కాలనీ సంఘం అర్జీ పెట్టబోయింది. మా సెల్లార్లో మీటింగ్ జరిగింది. మేమంతా పోట్లాటకు సిద్ధపడి వెళ్లాం. సంఘం సెక్రటరీ లేచి నిలబడ్డాడు.

"మీ ఆట గంటసేపు, టీచరమ్మా. మొన్న మా నాన్నకు గుండెనొప్పి వస్తే ఆంబులెన్స్ వీధి మొదట్లోనే నిలిచిపోయింది. కార్లు అడ్డం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయినాం. దేవుడి దయ, బతికినాడు."

టీచరమ్మ తలూపారు.

"నువ్వు చెప్పేది న్యాయమేనప్పా. ఆంబులెన్స్ ఇంటి ముందుకు రావాల. దానికి పార్కు పోవాల్నా? మన వీధి ఎక్కడ పోయిందో చూద్దాం, అందరూ రండి."

అందరినీ బయటికి తీసుకెళ్లారు. ప్రతి ఇంటి ప్రహరీ బయటా ఇనుప కంచెలు, పూలమడులు, గేట్ల ముందు సిమెంటు వాలులు రోడ్డును తినేసి ఉన్నాయి. కార్లు వాటి అవతల, నడివీధిలో నిలబడి ఉన్నాయి. ఆవిడ తన ఇంటి ముందే ఆగారు.

"అన్నిటికంటే ముందుకొచ్చింది నా కనకాంబరాల మడే. ముందు ఇది తీస్తా."

ఆ మడిని ఆవిడ భర్త బతికున్నప్పుడు పెట్టారు. చుట్టూ కంచె కూడా ఆయనే కట్టారు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆవిడ గడ్డపారతో కంచె గుంజలు కదిలిస్తున్నారు.

"అంకుల్ పెట్టిన మొక్కలు కదా, టీచరమ్మా..."

"మొక్కల్ని పారేయట్లేదు కదమ్మా, ఇల్లు మారుస్తా ఉండా." గొంతు గట్టిగానే ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. దాచుకోలేదు.

వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా మొక్కల్ని టబ్బుల్లో పెట్టి పార్కుకు మోశాం. సెక్రటరీ తన గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లోపలికి వెళ్లి పార తెచ్చి, తన ఇంటి బయటి మడి మీద మొదటి వేటు వేశాడు. నెల తిరక్కుండా వీధి బయటపడింది. కార్లు ఒకవైపే పెట్టుకోవాలని ఒప్పుకున్నాం. అర్జీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒక ఇంటాయన మాత్రం ఇప్పటికీ కంచె తీయలేదు. మేం కోప్పడితే ఆవిడ, "ఆయప్పనూ ఆటకు పిలవండి, చూస్తాం," అనేవారు.

ఇళ్ల ముందు నుంచి తీసిన మొక్కలన్నీ పార్కులోనే నాటుకున్నాం. పక్కన కానుగ మొక్కలు పెట్టాం. ఏళ్లు గడిచి అవి నీడనిచ్చే చెట్లయ్యాయి. చుట్టూ కొత్త టవర్లు లేస్తూనే ఉన్నాయి, ఇంకా లేస్తాయి. అయినా ఆ జాగా గురించి నాకు దిగులు లేదు. దాన్ని రోజూ వాడుకునేవాళ్లు, ఒకరి తలుపు ఒకరు తట్టేవాళ్లు ఉన్నారు. ఆవిడ మాకు నేర్పింది ఆట ఒక్కటే అనుకున్నాం ఇన్నాళ్లూ.

ఆ పొద్దున, ఇంట్లో చోటు చాలదని ఆవిడను చివరిసారి పార్కులోనే పడుకోబెట్టారు. షామియానా అక్కర్లేకపోయింది, కానుగ నీడ అందరికీ సరిపోయింది. సెక్రటరీ వాళ్ల నాన్న వాకర్ పట్టుకుని నడిచొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆవిడను తీసుకుని వ్యాన్ కదిలి వెళ్లాక మేం కుర్చీలు మడిచాం. కానుగ పూత రాలే రోజులవి. నేలంతా తెల్లగా పూలు పరుచుకుని ఉన్నాయి, కుర్చీలు ఉన్నచోట్ల మాత్రం మట్టి కనబడుతోంది. ఎవరమూ ఇళ్లకు కదల్లేదు. గాలి వచ్చినప్పుడల్లా పూలు రాలుతూ, ఆ ఖాళీలు ఒక్కొక్కటే మెల్లగా నిండుతూ వచ్చాయి.